ఎడారిలో నాలుగు ఆర్‌వీలు: ముందు ఒక్క రాత్రి ఊరి పక్కనే పడుకోండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. జూన్ చివరి వారంలో నాలుగు కుటుంబాలం కలిసి ఫీనిక్స్‌లో నాలుగు ఆర్‌వీలు (లోపలే పడక, వంటగది, బాత్‌రూమ్ ఉండే పెద్ద బండ్లు) అద్దెకు తీసుకుని 9 రోజులు తిరిగి రావాలని మావారు ప్లాన్ వేశారు. గ్రాండ్ క్యాన్యన్, యాంటెలోప్ క్యాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, బ్రైస్, జాయన్, లాస్ వేగస్, డెత్ వ్యాలీ, ఇదీ లిస్టు. మొత్తం 18 మందిమి. అందులో గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్యగార్లు (మామయ్యకు 71 ఏళ్ళు, బీపీ, షుగరు), అయిదుగురు చిన్నపిల్లలు ఉన్నారు. మాలో ఎవరూ ఇంతవరకూ ఆర్‌వీ నడపలేదు. నాకు ఒకటే టెన్షన్. ఏమన్నా అంటే "నీకు ప్రతిదానికీ భయమే" అంటారు. వెళ్ళమంటారా, మానమంటారా?

జవాబు:

అమ్మా, వెళ్ళండి. ఆ లిస్టు మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్ళండి.

నేను అరిజోనాలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. వేసవి వస్తే చాలు, ఇలాంటి లిస్టు పట్టుకుని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మ్యాపులో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి మరి. కారులో అయితే ఏదోలా లాగించేయచ్చు. పాతిక, ముప్పై అడుగుల బండిని గంటకు 60 మైళ్ళు దాటి తోలడం మంచిది కాదు. గాలి పక్కనుంచి కొడితే అదీ తగ్గించాలి. గూగుల్ 4 గంటలంటే మీరు 5 రాసుకోండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇంకో గంట పక్కన పెట్టుకోండి.

ముందు డెత్ వ్యాలీ కొట్టేయండి. 1913 జూలై 10న అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో 56.7 డిగ్రీలు. వేసవిలో తమ బండ్లను అక్కడికి తీసుకెళ్ళకూడదని అద్దె కంపెనీలు చాలావరకు అగ్రిమెంట్‌లోనే రాస్తాయి. కాదని వెళ్ళి అక్కడ ఆగిపోతే టోయింగ్ ఖర్చు మీదే. మీవారిని ఆ కాగితం ఒకసారి చదవమనండి, మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు. లాస్ వేగస్‌కు నాలుగు ఆర్‌వీలు ఎందుకో నాకు అర్థం కాలేదు. దానికి విమానం టికెట్టు కొనుక్కుని ఇంకోసారి వెళ్ళండి.

జాయన్ సంగతి వేరు. తూర్పు వైపు నుంచి పార్కులోకి రావాలంటే 1.1 మైళ్ళ సొరంగం దాటాలి. 1930లో పూర్తయింది, అప్పటి కార్ల సైజుకు తొలిచారు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ ఉన్న బండి వస్తే ఎదురు ట్రాఫిక్ ఆపి, డబ్బు కట్టించుకుని, రోడ్డు నడిమధ్య నుంచి పంపేవారు. 2026 నుంచి పెద్ద బండ్లను ఆ రోడ్డు మీదకే రానివ్వకూడదని పార్కువాళ్ళు నిర్ణయించారు. అద్దాలతో కలిపి కొలిస్తే మీ బండ్లు ఆ వెడల్పు దాటడం ఖాయం. చుట్టు తిరిగి వెళ్ళచ్చు గానీ 9 రోజుల్లో ఆ చుట్టు మీకు అనవసరం.

మాన్యుమెంట్ వ్యాలీ తీసేయమనడానికి నాకే మనసొప్పడం లేదు. ఆ ఎర్ర రాతి స్తంభాల వెనక పొద్దు వాలడం చూడాల్సిందే. కానీ లోపలి 17 మైళ్ళ మట్టిరోడ్డు మీదకు ఆర్‌వీలను రానివ్వరు. జీపు టూర్ తీసుకోవాలి. ఆ కుదుపులకు మీ అత్తయ్యగారి నడుము నిలుస్తుందా? ఈసారికి వదిలేయండి.

ఇక మిగిలింది గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), యాంటెలోప్ క్యాన్యన్ పక్కనున్న పేజ్ ఊరు, బ్రైస్. ఫీనిక్స్ నుంచి రిమ్‌కు 230 మైళ్ళు, అక్కణ్నుంచి పేజ్ 140, బ్రైస్ ఇంకో 150, తిరిగి ఫీనిక్స్ 430. మొత్తం 950 మైళ్ళ చిల్లర. అద్దె ఆర్‌వీ గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళిస్తుంది కాబట్టి ఒక్కో బండికి 95 నుంచి 120 గ్యాలన్ల దాకా పడుతుంది. అద్దెలో మైళ్ళకు, జనరేటర్ గంటలకు విడిగా లెక్క కడతారు. ఆ అంకె మీ నాలుగు కుటుంబాల ముందూ ఇప్పుడే పెట్టండి. బిల్లు వచ్చాక పెడితే స్నేహాలు దెబ్బతింటాయి.

ఈ మూడూ ఎందుకన్నానంటే, ఎత్తు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. సౌత్ రిమ్ 7,000 అడుగుల మీద ఉంది, బ్రైస్ 8,000 దాటింది. జూన్‌లో కూడా అక్కడ రాత్రి స్వెట్టరు వేసుకోవాలి. మధ్యలో పేజ్ ఒక్కటే మాడ్చేస్తుంది, అక్కడ కరెంటు హుకప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి తగిలించుకునే కనెక్షన్) ఉన్న చోటు తప్ప తీసుకోవద్దు. ఆర్‌వీ పైకప్పు మీదుండే ఏసీ బ్యాటరీ మీద నడవదని చాలామందికి తెలీదు. హుకప్ ఉండాలి, లేదా జనరేటర్ తిరగాలి. రాత్రి పదయితే క్యాంప్‌గ్రౌండ్లలో జనరేటర్ ఆపేయమంటారు. ఆ తర్వాత రేకుడబ్బాలో ఆరుగురు.

బండ్లు మీ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆ ఎండలో, ఆ కొత్తలో, వెంటనే కొండెక్కకండి. ఆ రాత్రి ఫీనిక్స్ చుట్టుపక్కలే హుకప్‌లో పడుకుని తెల్లవారుజామున 5కే బయల్దేరండి. ఐ-17 హైవే మీద ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు చేరేసరికి సుమారు 6,000 అడుగులు ఎక్కుతారు. నిటారు ఎక్కుళ్ళలో ఇంజన్ వేడి ముల్లు చూస్తూ ఉండండి, పెరిగితే ఏసీ ఆపేయండి. దిగేటప్పుడు లో గేరు. బ్రేకు తొక్కుతూ దిగితే ఎక్కువసేపు పట్టదు అది కాలడానికి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి, వేడెక్కాక చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఇంకో మాట, నడుస్తున్న బండిలో అందరికీ సీటు బెల్టులు ఉండాల్సిందే. వెనక మంచం మీద మామయ్యగారిని పడుకోబెట్టి తీసుకెళ్ళడం కుదరదు. బుక్ చేసేటప్పుడు ఎంతమంది పడుకోవచ్చో కాదు, ఎన్ని బెల్టులున్నాయో అడగండి.

గ్రాండ్ క్యాన్యన్ పార్కు లోపల సౌత్ రిమ్‌లో హుకప్పులున్న క్యాంప్‌గ్రౌండ్ ట్రైలర్ విలేజ్ ఒక్కటే. జూన్‌కు నాలుగు సైట్లు పక్కపక్కన ఇప్పుడు దొరకడం కష్టం. దొరక్కపోతే బాధపడకండి. దక్షిణాన 60 మైళ్ళలో విలియమ్స్ అని చిన్న ఊరుంది. అక్కణ్నుంచి రిమ్ దాకా రైలు నడుస్తుంది. 1901లో మొదలై, 1968లో ఆగిపోయి, 1989లో మళ్ళీ పట్టాలెక్కింది. బండ్లు నాలుగూ విలియమ్స్‌లో హుకప్‌కు పెట్టేసి, అందరూ రైల్లో వెళ్ళి రండి. మీ మామయ్యగారికి ట్రిప్పు మొత్తంలో గుర్తుండిపోయేది ఆ రైలే అవుతుందని నా అనుమానం. రిమ్ మీద ఉచిత షటిల్ బస్సులున్నాయి. హర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబరు దాకా సొంత బండ్లను ఎలాగూ రానివ్వరు. షటిల్ ఎక్కితే ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా నాలుగడుగులేసి చూసి మళ్ళీ ఎక్కచ్చు.

ఇక నాలుగు బండ్లూ కలిసి నడవడం గురించి. ఇక్కడి ఆర్‌వీ క్లబ్బులు ఏళ్ళ తరబడి ఇలాంటి ప్రయాణాలు చేస్తున్నాయి. ముందుండి దారి చూసేవాణ్ణి వ్యాగన్ మాస్టర్ అంటారు, అందరికన్నా వెనక వచ్చేవాణ్ణి టెయిల్ గన్నర్ అంటారు. మనవాళ్ళు మొదటిది ఒక్కటే పెట్టుకుని మిగతా అందరూ ఆయన వెనక తోక పట్టుకుని పోతారు, పెళ్ళివారి కార్ల లాగా. అది చాలా ప్రమాదం. నాలుగు ఆర్‌వీలు అంటుకుని పోతుంటే రెండు లైన్ల రోడ్డు మీద వెనకున్న కారువాడు దాటలేడు. విసుగొచ్చి ఒకేసారి నాలుగింటినీ దాటబోతాడు, ఎదురుగా లారీ. అరిజోనాలో అలాంటి రోడ్డు మీద నెమ్మదిగా పోయే బండి వెనక 5 బండ్లు పేరుకుంటే పక్కకు తప్పుకోవాలని చట్టమే ఉంది. అందుకని 10 నిమిషాల తేడాతో బయల్దేరండి. ప్రతి 60, 70 మైళ్ళకు ఒక చోటు అనుకుని అక్కడ కలవండి. రిమ్ నుంచి పేజ్ వెళ్ళేటప్పుడు కామెరన్ దగ్గర ఆగచ్చు, పాత ట్రేడింగ్ పోస్ట్ ఉంది, పెద్ద బండ్లకు చోటుంటుంది. ఫోన్ సిగ్నల్ మధ్యలో పోతుంది, వాట్సాప్ గ్రూపును నమ్ముకోకండి. బండికొక చిన్న వాకీటాకీ కొనుక్కోండి. ఎఫ్‌ఆర్‌ఎస్ రకానికి లైసెన్సు అక్కర్లేదు. కాస్త దూరం పనిచేసే జీఎంఆర్‌ఎస్‌కు కుటుంబానికి 35 డాలర్లు కడితే, ఏ పరీక్షా లేకుండా 10 ఏళ్ళకు ఇస్తారు.

మీవారు వ్యాగన్ మాస్టర్ ఎలాగూ అయ్యారు, కానివ్వండి. ఆఖరి బండిలో మాత్రం మీరు కూర్చుని, ఎవరు ఆగినా ఎక్కడ ఆగినా అక్కడికి చేరేది ఆ బండే అని అందరిచేతా ఒప్పించండి. మీకున్న భయం అక్కడ పనికొస్తుంది. వేగం ఎంతో, ఎక్కడ ఆగాలో వెనక బండి చెప్పినదే లెక్క అనుకోండి.

దుమ్ము తుపాను ఎదురైతే ఏం చేయాలో నలుగురు డ్రైవర్లకూ నోటికి రావాలి. అది మనకు అలవాటైన పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. రోడ్డు వదిలి వీలైనంత పక్కకు పోయి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయాలి. ఎర్ర లైటు వెలుగుతుంటే వెనకవాడు అదే రోడ్డనుకుని నేరుగా వచ్చి గుద్దుతాడు. వాన సంగతి ఇంకా విచిత్రం. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటెలోప్ క్యాన్యన్‌లో 11 మంది టూరిస్టులు వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. వాన వాళ్ళ మీద పడలేదు, మైళ్ళ అవతల ఎక్కడో కురిసింది. ఆ నేల నీళ్ళు పీల్చదు, అంతా ఆ సన్నని సందులోకే వచ్చింది. ఇప్పుడు అక్కడి నవాహో తెగ గైడు లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. టూర్ రద్దు చేశామంటే గైడుతో వాదించకండి. అరిజోనా వానాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా లెక్క. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే మోకాలి లోతే కదా అని బండి దింపకండి.

అక్కడే ఇంకో తిరకాసు, టైము. అరిజోనాలో వేసవిలో గడియారం మార్చరు, యూటాలో మారుస్తారు, నవాహో తెగ సొంత ప్రాంతమైన నవాహో నేషన్‌లోనూ మారుస్తారు. పేజ్ ఉన్నది సరిహద్దులో. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది, కూర్చున్నచోటే గంట ముందుకు దూకుతుంది. యాంటెలోప్ టూర్లు అరిజోనా టైము ప్రకారమే. ఒకరి చేతికి మామూలు వాచీ ఉంచి దాన్నే నమ్మండి. నవాహో నేషన్‌లో మద్యం దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. మగవాళ్ళ కూలర్‌లో ఏముందో బయల్దేరేముందు చూసుకోండి.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం. నీళ్ళు. మీ బండిలో మంచినీళ్ళ ట్యాంకు సుమారు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. మన ఇంట్లో పెద్దవాళ్ళు బాత్‌రూమ్‌కు చెంబు తీసుకెళ్తారు, పొద్దున తలస్నానం చేస్తారు, అన్నం తిన్న కంచం రెండుసార్లు కడుగుతారు. తప్పేం లేదు, కానీ ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. అంతకన్నా ముందే వాడిన నీళ్ళ ట్యాంకు నిండి షవర్ కాళ్ళ దగ్గరికి పైకి పొంగుతుంది. స్నానాలు క్యాంప్‌గ్రౌండ్ బాత్‌రూముల్లో చేయండి. తాగడానికి మనిషికి రోజుకు గ్యాలన్ చొప్పున విడిగా కొనండి.

టాయిలెట్ ట్యాంకును నల్ల ట్యాంకు అంటారు. మొదటిసారి మేం మూడు కుటుంబాలం వెళ్ళినప్పుడు మా బావమరిది, సీవర్ కనెక్షన్ ఉంది కదా అని ఆ వాల్వు మూడు రోజులు తెరిచే ఉంచాడు. నీళ్ళు జారిపోయాయి, మిగిలింది కుప్పపడి గట్టిపడింది. దాన్ని వదిలించడానికి ఒక పూట పట్టింది, ఆ పూట ఎవరం భోజనం చేయలేదు. వాల్వు మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒకేసారి వదలాలి. ముందు నల్లది, తర్వాత బూడిదరంగుది, అంటే సింకు, షవర్ నీళ్ళు. ఆ సబ్బునీళ్ళతో గొట్టం దానికదే కడుక్కుంటుంది. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోండి. వెట్ వైప్స్ ఒక్కటి కూడా అందులో పడకూడదు, డైపర్ పిల్లలున్నవాళ్ళకు గట్టిగా చెప్పండి. అదే ట్రిప్పులో పేజ్‌లో రాత్రి నీడకని వేసిన ఆనింగ్ మడవడం మరిచిపోయి పడుకున్నాం. రెండింటికి గాలి లేచింది. లుంగీల మీద బయటికొచ్చి దాన్ని పట్టుకుని వేలాడాం గానీ ఒక చెయ్యి విరిగింది, ఆనింగ్‌దేలెండి. డిపాజిట్ అంతా పోయింది.

వంట. రిమ్ మీద నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, ఎత్తు వల్ల. గిన్నెలో పెట్టిన అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు సంగతి చెప్పక్కర్లేదు. స్టవ్ మీద పెట్టే మామూలు ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి, ప్రొపేన్ మీద హాయిగా ఉడుకుతుంది. కరెంటు కుక్కర్, మైక్రోవేవ్, ఏసీ మూడూ ఒకేసారి వేస్తే 30 ఆంప్ కనెక్షన్ టక్కున పడిపోతుంది. తాలింపు బండి లోపల పెట్టకండి. ఎండుమిర్చి చిటపటలాడగానే పొగ అలారం మోగి పక్క సైటువాళ్ళు బయటికొస్తారు. చిన్న క్యాంపు స్టవ్ బయట పెట్టుకోండి. వాడిన నూనె సింకులో పోయకండి. గోంగూర పచ్చడి, కందిపొడి, పులిహోర పులుసు ఇంటి దగ్గరే చేసుకుంటే నాలుగు రోజులు గడిచిపోతాయి. నాలుగు కుటుంబాలూ నాలుగు వంటలు చేయకండి. పూటకో బండి వంతు.

మామయ్యగారి విషయం. ఆ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలీదు, పట్టిన క్షణమే ఆరిపోతుంది. దాహం వేయలేదంటారు. అడగకండి, గంటకో గ్లాసు చేతికివ్వండి. నీళ్ళతోపాటు ఉప్పున్న మజ్జిగ ఎంత ఇవ్వచ్చో, బీపీ మాత్రల మోతాదు ఆ ఎత్తులో ఏమన్నా మార్చాలో బయల్దేరేముందు డాక్టర్నే అడగండి. ఇన్సులిన్ వాడుతుంటే వేడి తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, ఆపి ఉంచిన కారులో ఒక్క అరగంట కూడా వద్దు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదవండి. 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకు గ్రాండ్ క్యాన్యన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో ప్రవేశ రుసుము పెంచారు. మీ కుటుంబం పాసు మీద అత్తయ్య, మామయ్యగార్లు రావచ్చో లేదో పార్కు వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

నాలుగో ఆర్‌వీ బదులు ఒక మినీవ్యాన్ తీసుకోండి. ఆ కుటుంబం మోటెల్‌లో పడుకుంటుంది. ఇది మీవారికి నచ్చకపోవచ్చు. కానీ పాల ప్యాకెట్ కావాలన్నా, రాత్రి మామయ్యగారిని పేజ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా, నీళ్ళ గొట్టం, కరెంటు తీగ, సీవర్ గొట్టం పీకి, సామాన్లు సర్ది ఇల్లంత బండి కదిలించడం ఎలా ఉంటుందో ఒకసారి ఆయన్నే ఊహించుకోమనండి.

మీ ఇంట్లో వాదన ఎలా తేలాలో కూడా చెప్తాను. వద్దు అనకండి. వచ్చే వారాంతం ఒకే ఒక్క ఆర్‌వీ అద్దెకు తీసుకోండి. డాలస్ పక్కనే సీడర్ హిల్ స్టేట్ పార్కు ఉంది, కరెంటు, నీళ్ళ హుకప్పులున్నాయి. నడిపే నలుగురూ వంతులవారీగా హైవే మీద అరగంట, రివర్స్‌లో సైటులోకి పెట్టడం ఒక్కోసారి. ఆ రాత్రి అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, పొద్దున్నే ట్యాంకులు ఖాళీ చేసి ఇంటికి రండి. డంపింగ్ పని మీవారిచేతే చేయించండి, మీరు గ్లౌజులు అందించి పక్కన నిలబడండి. ఏడు ఊళ్ళ లిస్టు ఇంకా జేబులో ఉంటే అప్పుడు నాకు మళ్ళీ రాయండి.